ఒక్క మౌస్, రెండు మానిటర్లు

పంచుకోవడం అనే మాట వినగానే మనకు మంచి భావమే కలుగుతుంది. అన్నం పంచుకోవడం, కష్టం పంచుకోవడం, ఇంటి పని పంచుకోవడం... మన రాతల్లో, మీటింగుల్లో కూడా తరచు వాడే మాటే ఇది. అయితే ఒక వస్తువుని ఇద్దరు పంచుకుంటున్నారు అన్నప్పుడు అక్కడ నిజంగా ఏది పంచుతున్నారు, ఏది పంచకుండా ఒకరి దగ్గరే ఉంచుతున్నారు? 2020లో మా ఇంట్లో కంప్యూటర్ దగ్గర జరిగిన ఒక చిన్న వ్యవహారం ఈ ప్రశ్నని నా ముందు పెట్టింది. చిన్న వ్యవహారమనే అందరూ అన్నారు. చిన్నదే. కానీ "గింత దానికా?" అని తీసిపారేసిన సంగతుల్లోంచే కదా ఆడవాళ్ల రాతలు సగం పుట్టాయి.

మాది రేగోడ్. మండల కేంద్రమే గానీ పెద్ద ఊరేం కాదు. నేను ప్రభుత్వ బడిలో తెలుగు చెప్తాను. ఇంటి హాల్లో ఒక కంప్యూటర్ ఉంది. డిగ్రీ చదివే బిడ్డ, ఇంటర్‌లో చేరబోతున్న కొడుకు దాన్ని వాడుకునేవాళ్లు. ఆ సంవత్సరం మార్చి నుంచి అందరం ఇంట్లోనే. బిడ్డ అంతకు ముందే ఒక జిరాక్స్ షాపుకి తెలుగు టైపింగ్ చేసిపెట్టడం మొదలుపెట్టింది. దరఖాస్తులు, బయోడేటాలు, అగ్రిమెంట్లు, పేజీకి ఇంత అని. లాక్‌డౌన్ సడలించాక షాపాయన పొద్దంతా వచ్చిన కాగితాల్ని ఫొటోలు తీసి సాయంత్రం పంపేవాడు, తెల్లారేసరికి కావాలనేవాడు. కొడుకు సాయంత్రం ఏడింటికి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని స్నేహితులతో కౌంటర్ స్ట్రైక్ ఆడేవాడు. ఇద్దరికీ కావలసింది అవే మూడు గంటలు.

రోజూ గొడవే. చివరికి పిల్లల నాన్న ఎవరి దగ్గరో పక్కన పడేసిన పాత మానిటర్ ఒకటి తెచ్చాడు. సిపియు వెనక ఇంకో తీగ తగిలించి, రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టారు. కొడుకు వాడి ఆటని రెండో మానిటర్‌కి మార్చేశాడు. పెద్ద మానిటర్ మీద అక్క వర్డ్ ఫైలు, పాతదాని మీద తమ్ముడి యుద్ధం. "ఇగ పంచాయితీ తెగింది" అన్నాడు పిల్లల నాన్న. మా అత్తమ్మ కూడా మెచ్చుకుంది, మనవడు పెద్దది అక్కకిచ్చి చిన్నది తను తీసుకున్నాడని. నిజమే, చూడ్డానికి త్యాగంలాగే ఉంది.

పంచాయితీ తెగలేదు. ఎందుకు తెగలేదో చెప్పాలంటే ఆ యంత్రం ఎట్లా నడుస్తుందో కొంచెం చెప్పుకోవాలి. 

ఒక కంప్యూటర్‌కి రెండు మానిటర్లు పెట్టడం విండోస్ 98 కాలం నుంచీ ఉన్నదే. రెండో మానిటర్ పెడితే మన బల్ల కొంచెం వెడల్పవుతుందంతే. ఆట మొత్తం తెరనంతా ఆక్రమించుకుని నడుస్తుంటే ముందు ఆల్ట్, ఎంటర్ నొక్కి దాన్ని మామూలు కిటికీగా చెయ్యాలి (చాలా ఆటలకు ఇది పని చేస్తుంది). తర్వాత పైపట్టీ పట్టుకుని పక్క మానిటర్‌లోకి లాగాలి. విండోస్ 7 నుంచి అయితే విండోస్ మీట, షిఫ్ట్, బాణం గుర్తు మూడూ కలిపి నొక్కినా చాలు, కిటికీ పక్క తెర మీదికి దూకుతుంది. ఇదంతా ఒక నిమిషం పని. కానీ తెరలు రెండయినా కంప్యూటర్ దృష్టి ఒకటే. ఏ క్షణంలోనైనా ఒకే ఒక కిటికీ మన మాట వింటుంది, మనం నొక్కిన అక్షరం దానికే పోతుంది. మిగతావన్నీ కనిపిస్తుంటాయి, వినవు. పైగా ఇట్లాంటి ఆటలు మౌస్ బాణాన్ని తమ కిటికీలోనే కట్టేసుకుంటాయి. ఆడేవాడు వదిలితే తప్ప అది పక్క తెర మీదికి రాదు. ఆడేవాడు వదిలాడా, ఆటలో వాడి మనిషి నిలబడ్డచోటే చేతులు ముడుచుకుని నిలబడి తూటా తింటాడు.

అంటే మా బిడ్డకి దొరికింది పెద్ద తెర. ఆ తెర మీద తన ఫైలు తెరిచి ఉంటుంది, కర్సర్ కూడా ఉన్నచోటే ఉంటుంది. చూసుకోవచ్చు. ఒక్క అక్షరం కొట్టడానికి లేదు.

ఇంకో మౌస్, ఇంకో కీబోర్డు కొనుక్కొస్తే సరిపోతుంది కదా అని మీకనిపించవచ్చు. తెచ్చాం. అప్పుడు తెలిసింది, విండోస్‌లో రెండు మౌసులు తగిలిస్తే రెండు బాణాలు రావు. ఒకే బాణాన్ని ఇద్దరూ లాగుతారు. రెండు కీబోర్డులు పెడితే ఇద్దరి అక్షరాలూ ఒకే కిటికీలో పడతాయి. ఆ సాయంత్రం తమ్ముడి ఆటలో తుపాకీ దానంతటదే మారిపోయింది, అక్క దరఖాస్తులో "గౌరవనీయులైన" తర్వాత పది డబ్ల్యూలు పడ్డాయి. నవ్వుకున్నాం. నవ్వు అయ్యాక ఆ రెండో మౌస్ డబ్బాలోకి పోయింది.

పర్సనల్ కంప్యూటర్ అన్న పేరులోనే ఉంది సంగతంతా. 1981లో ఐబిఎం ఆ పేరుతో యంత్రాన్ని అమ్మకానికి పెట్టిన నాటి నుంచీ దాని ముందు ఒకే ఒక మనిషి కూర్చుంటాడన్న లెక్క మీదే తయారైంది. తర్వాత ఇళ్లలోకి వచ్చినప్పుడు ఒకే యంత్రంలో ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా పెట్టుకునే వీలు కల్పించారు. అయినా ఒకరి తర్వాత ఒకరే. మన ఇళ్లలో అట్లా ఒకరికే చెందిన వస్తువు అంటూ ఉండేది ఎవరికి? నా చిన్నప్పుడు మా ఇంట్లో సైకిల్ "అందరిదీ". అమ్మ దాన్ని ఒక్కసారి కూడా తొక్కలేదు.

మళ్లీ మా హాల్లోకి వద్దాం. కొన్నాళ్లు పోయాక గమనించాను, గొడవ ఆగింది. ఇద్దరూ పక్కపక్కన కుర్చీల్లో కూర్చుంటున్నారు, అరుపుల్లేవు. అక్క ఒళ్లో అట్ట పెట్టుకుని కాగితం మీద ఏదో రాసుకుంటూ ఉంటుంది, ఉన్నట్టుండి కీబోర్డు తన వైపు లాక్కుని గబగబా టైపు చేస్తుంది, మళ్లీ వదిలేస్తుంది. ఏంటని అడిగితే మామూలుగా చెప్పింది:

"వాడు ఆటల సచ్చిపోయినప్పుడు రౌండ్ అయ్యేదాంక ఊకె సూస్తుంటడమ్మా. నిమిషమో, నిమిషంన్నరో దొరుకుతది. అప్పుడు కొడుత."

తమ్ముడు ఆటలో చచ్చిపోయినప్పుడు అక్కకి మౌస్ వస్తుంది. ఆ నిమిషన్నర వృథా కాకుండా ముందే వాక్యాలు కాగితం మీద సరిచేసి పెట్టుకుంటోంది. ఏ రౌండ్‌లో వాడు తొందరగా చచ్చిపోతాడో కూడా దానికి తెలిసిపోయింది. తమ్ముడు బాగా ఆడిన రోజు దాని పని సాగదు. దీన్ని నేను బాధగా చెప్తున్నాను గానీ అది చెప్పినప్పుడు దాని గొంతులో బాధేం లేదు. ఒక కిటుకు కనిపెట్టానన్న సంతోషం ఉంది. సర్దుకుపోవడంలో ఆడవాళ్లు చూపే తెలివిని మనం ఎంతగా మెచ్చుకుంటామో తలుచుకుంటే నాకు భయమేస్తుంది. చెంబెడు నీళ్లతో అంట్లన్నీ తోమే నైపుణ్యం, అర లీటరు పాలు ఆరుగురికి సరిపెట్టే నైపుణ్యం... ఆ తెలివిని పొగిడినంతసేపూ నీళ్లెందుకు లేవని ఎవరూ అడగరు.

కొడుకు పక్షాన కూడా మాట్లాడాలి. వాడు చెడ్డవాడు కాదు. "అక్కా, జర ఆగు, ఈ మ్యాచ్ అయిపోనీ" అని బతిమాలుకునేవాడే తప్ప కసురుకునేవాడు కాదు. ఒకరోజు నేను గట్టిగా అడిగితే వాడు చెప్పిన జవాబు నన్ను చాలారోజులు ఆలోచనలో పడేసింది. "అమ్మా, నేనొక్కన్నే ఆడుతలేను. మేం అయిదుగురం. నడుమల లేస్తే నలుగురు ఓడిపోతరు. వస్తనని మాటిచ్చిన."

మాటివ్వడం, మాట నిలబెట్టుకోవడం. మనం పిల్లలకి నేర్పేదే కదా. కనిపించని నలుగురు స్నేహితుల పట్ల వాడికున్న బాధ్యత అబద్ధం కాదు. ఆట కాబట్టి అది తక్కువ బాధ్యత అని నేను అనలేను. పేకాటలోనో, క్రికెట్‌లోనో మధ్యలో లేచిపోయిన మనిషిని మనమేమంటాం? కాబట్టి ఇక్కడ ఒకవైపు బాధ్యత, ఇంకోవైపు విలాసం లేవు. ఉన్నవి రెండు బాధ్యతలే. అయితే ఒక్క తేడా ఉంది. వాడు నలుగురికి ఏడింటి నుంచి పదింటి దాకా అని మాటిచ్చాడు. ఆ మూడు గంటలూ అప్పటికింకా వాడివి కావు, ఇద్దరివీ. ఉమ్మడి ఆస్తిని ఒక్కడే సంతకం పెట్టి అమ్మితే చెల్లదంటాం. ఉమ్మడి సమయాన్ని ఒక్కడే ఇంకొకరికి రాసిచ్చేస్తే మాత్రం "పాపం, మాటిచ్చిండు" అంటాం.

బిడ్డ షాపాయనకి ఎప్పుడైనా మాటిచ్చిందా అని గుర్తు చేసుకుంటే, లేదు. "ఎన్నింటికిస్తవు బిడ్డా?" అని ఆయన అడిగినప్పుడల్లా దాని జవాబు ఒకటే: "సూస్త అంకుల్." ఎప్పుడవుతుందో దానికే తెలియదు కాబట్టి చూస్తానంటుంది. చూస్తానన్నవాళ్లకి ఎవరూ తొందర పనులు ఇవ్వరు, తొందర పనికే నాలుగు డబ్బులు ఎక్కువ. నాకు తెలిసిన చాలామంది ఆడవాళ్లు ఇట్లాగే మాట్లాడతారు. సభకి రమ్మంటే "వీలైతే వస్తా", వ్యాసం రాయమంటే "ప్రయత్నిస్తా". దీన్ని మొహమాటమనీ, ఆత్మవిశ్వాసం లేకపోవడమనీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు అంటాయి. నా మటుకు నాకు ఇది నిజాయితీ అనిపిస్తుంది. తనది కాని గంట గురించి మాటివ్వకపోవడం. రేపు ఏడింటికి నేను ఫలానా చోట ఉంటాను అని తడుముకోకుండా చెప్పగలగడం ఒక హోదా. ఆ హోదా వెనక అన్నం వండి పెట్టేవాళ్లు, పిల్లల్ని చూసుకునేవాళ్లు, కుర్చీలోంచి లేచిపోయేవాళ్లు ఎవరో ఉంటారు.

ఆట పట్ల నాకు చిన్నచూపు లేదని ఇంకో కారణంతో కూడా చెప్పాలి. 1990లో విండోస్ 3.0తో పాటు సాలిటేర్ అనే పేకాట వచ్చింది. మౌస్‌తో పట్టుకుని లాగడం జనానికి అలవాటు కావడానికి అది బాగా పనికొచ్చిందని చెప్తారు. అందులో ముక్కల బొమ్మలు గీసింది సూసన్ కేర్ అనే ఆవిడ. అంతకు ముందు ఆపిల్ వాళ్ల మాకింటోష్‌కి బొమ్మలు గీసింది కూడా ఆవిడే. అంటే ఆట అనేది ఈ యంత్రాన్ని చేతికి మచ్చిక చేసుకునే దారి. మా కొడుకు "ఊరికే ఆడుకుంటున్నాడు" అనుకున్న రోజుల్లోనే వాడికి తెరల సెట్టింగులు, ఇంటర్నెట్ తంటాలు, ఏది ఎందుకు నెమ్మదిగా నడుస్తుందో అన్నీ వచ్చేశాయి. బిడ్డ నాలుగేళ్లు టైపు చేసింది, వేళ్లు చూస్తే పరుగే. కానీ కిటికీ రెండో మానిటర్‌లోకి పోయి ఇరుక్కుంటే "తమ్మీ, జర ఇటు తే" అని వాడినే పిలవాలి. పని చేసినవాళ్లకి పని వచ్చింది, ఆడినవాడికి యంత్రం వచ్చింది.

ఇది మా ఇంటి సంగతే కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల్ని ఏళ్ల తరబడి ఇంటర్వ్యూలు చేసి జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ 2002లో ఒక పుస్తకం వేశారు. అక్కడి ఇళ్లలో కూడా కంప్యూటర్ అన్నదమ్ముల గదిలోనే ఉండేదట, దాంతో కుస్తీ పట్టేది తండ్రీ కొడుకులట, ఆడపిల్లలు పక్కన నిలబడి చూసేవాళ్లట. అంత దూరంలో, అంత ఉన్న ఇళ్లలో కూడా! అయితే ఆ యూనివర్సిటీ ఊరుకోలేదు. చేర్చుకునే పద్ధతి మార్చింది, ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న పట్టింపు తగ్గించింది. ఆ విభాగంలో చేరే అమ్మాయిలు 1995లో నూటికి ఏడుగురు, 2000 నాటికి 42 మంది.

మా బడిలో నేను చూసింది కూడా రాయాలి. కంప్యూటర్ల గదిలో ఒక్కోదాని ముందు అయిదారుగురు పిల్లలు. గంట కొట్టగానే పరిగెత్తి మధ్య కుర్చీలో కూర్చునేవాడి చేతిలో మౌస్. వాడు తరచు మగపిల్లవాడు, తరచు ఊళ్లో కొంచెం ఉన్నింటివాడు. అటూ ఇటూ వాడి దోస్తులు. వెనక నిలబడి వీళ్ల భుజాల మీదుగా తెర చూసేది ఆడపిల్లలు, అందులోనూ మాదిగవాడ నుంచీ తండా నుంచీ వచ్చే పిల్లలు. "అందరికీ కనిపిస్తుందా?" అని సారు అడిగితే "కనిపిస్తుంది సార్" అని అందరూ అరుస్తారు. కనిపిస్తుంది, నిజమే.

బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు 2006 ప్రాంతంలో సరిగ్గా ఈ సంగతినే పట్టుకున్నారు. ఉదయ్ సింగ్ పవార్, జోయోజీత్ పాల్, కెంటారో తొయామా అనే ముగ్గురు పల్లెటూరి బడుల్లో పిల్లలు కంప్యూటర్ చుట్టూ ఎట్లా గుమిగూడతారో, మౌస్ ఎట్లా ఒక్కరి చేతిలోనే ఉండిపోతుందో చూసి, ఒకే తెరకి పిల్లకొక మౌస్, మౌస్‌కొక రంగు బాణం వచ్చేలా తయారుచేశారు. నాకు నచ్చిందేమిటంటే వాళ్లు తెరలు పెంచలేదు, చేతులు పెంచారు. తర్వాత అందులోనే రెండు పద్ధతులు పెట్టి చూశారు. ఒక దాంట్లో ఎవరు ముందు నొక్కితే వాళ్ల జవాబు చెల్లుతుంది. రెండో దాంట్లో అందరూ ఒప్పుకుంటేనే ఆట ముందుకు పోతుంది. ఒకే యంత్రం, ఒకే సంఖ్యలో మౌసులు. మొదటి దాంట్లో పరుగు, రెండో దాంట్లో మాట్లాడుకోవడం. మనం దేన్ని సమానత్వం అంటున్నామో పిల్లల ఆటలో ఇంత తేటగా కనిపించడం చూస్తే ముచ్చటేసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5,000 ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటర్లు పెట్టే పథకంలో ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ పరికరాలు వాడారు. ఒక్క సిపియుని నలుగురైదుగురు పిల్లలు వాడుకునే ఏర్పాటు. కాకపోతే అక్కడ ప్రతి మానిటర్‌కీ దాని కీబోర్డు, దాని మౌస్ వేరేగా ఉంటాయి. ఒకరు నొక్కింది ఇంకొకరి తెర మీద పడదు. అంటే ఒక్క యంత్రాన్ని నిజంగా పంచుకోవడం అసాధ్యమేం కాదు. ఖర్చు తగ్గించుకోవాలని సర్కారు అనుకున్నప్పుడు ఆ దారి దొరికింది. ఇళ్ల కోసం ఆ దారి వెతకాలన్న తొందర ఎవరికుంటుంది?

తెర, చెయ్యి అని ఇన్నిసార్లు అంటుంటే నాకు మా చుట్టుపక్కల ఊళ్లలో సర్పంచులైన ఆడవాళ్లు గుర్తొస్తున్నారు. 1993లో అమల్లోకి వచ్చిన 73వ సవరణ మూడో వంతు స్థానాలిచ్చింది, తెలంగాణ 2018 చట్టంలో సగం స్థానాలు. కుర్చీ ఆమెది, బోర్డు మీద పేరు ఆమెది, ఫొటో ఆమెది. ఎమ్మార్వో ఆఫీసుకి పోయేదీ, ఫోనెత్తేదీ, "మా సర్పంచ్ సాబ్" అనిపించుకునేదీ భర్త. ఆమెకు రెండో మానిటర్ ఇచ్చారు. అందరూ అంతే అనను. కుర్చీ దొరికిందే అదనుగా కలం కూడా లాక్కున్నవాళ్లు ఉన్నారు, వాళ్లని చూసే మేం పిల్లలకి ధైర్యం చెప్తాం.

కలం కంటే ముందు కెమెరానే చేతిలోకి తీసుకున్న ఆడవాళ్లు కూడా మాకు మరీ దూరమేం కాదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోని డిడిఎస్ సంఘాల దళిత మహిళలు, చాలామందికి అక్షరాలు కూడా రాకుండానే వీడియో తీయడం నేర్చుకున్నారు. 2008లో మాచ్‌నూర్‌లో సంఘం రేడియో పెట్టుకున్నారు. పై నుంచి కిందికి కాకుండా, కింది నుంచి పైకి కాకుండా మనిషి కంటికి ఎదురుగా, సమానంగా కెమెరా పెట్టి తీయడాన్ని వాళ్లు సంఘం షాట్ అన్నారు. అప్పటిదాకా ఎవరో తీస్తే తెర మీద కనిపించినవాళ్లు వీళ్లు. కనిపించడం చాలదని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు.

ఇక నా సొంత ఆట సంగతి. మా ఇంట్లో ఈ కంప్యూటర్ పంపకాల చర్చ ఎన్నిసార్లు జరిగినా అందులో మూడో పేరు రాలేదు. నేను స్పైడర్ సాలిటేర్ ఆడతాను. రాత్రి గిన్నెలు కడిగేశాక, పిల్లలు పడుకున్నాక, పదిన్నర తర్వాత. ఎవరూ అడగని వేళ కాబట్టి ఎవరితోనూ పేచీ లేదు. మా అమ్మ గచ్చకాయలు ఆడేది, పచ్చీసు ఆడేది, చింతగింజలతో ఓనగుంటలు ఆడేది. ఎప్పుడు? అన్నం ఉడుకుతున్నంతసేపు, పిల్ల నిద్రపోయినంతసేపు. ఆ ఆటల్ని చూడండి, ఎప్పుడంటే అప్పుడు ఆపేయొచ్చు. గింజలు గుంటల్లో అట్లాగే ఉంటాయి, పాలు పొంగితే లేచిపోయి వచ్చి మళ్లీ కూర్చోవచ్చు. నా స్పైడర్ సాలిటేర్ కూడా అంతే, ముక్కలు నాకోసం తెల్లారిందాకా కూడా కదలకుండా కూర్చుంటాయి. మా కొడుకు ఆట ఆగదు. ఆగని ఆటని తయారుచేసినవాళ్లు దాన్ని ఎవరూ మధ్యలో లేపని మనిషి కోసమే తయారుచేశారు. వంట చేసే మనిషి ఆ ఆట ఆడలేదు, చేతకాక కాదు.

2019లో ప్రభుత్వం చేసిన కాలవినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్లు 97. ఐదేళ్ల తర్వాత 2024లో మళ్లీ చేస్తే 289, 88. ఆడవాళ్లకి పది, మగవాళ్లకి తొమ్మిది నిమిషాలు తగ్గాయి, మధ్య దూరం దాదాపు అంతే ఉంది! అయితే ఈ లెక్కలు ఎన్ని నిమిషాలో చెప్తాయి గానీ ఆ నిమిషాలు ఎట్లాంటివో చెప్పవు. మిగిలిన సమయం నా చేతికి ముక్కలుముక్కలుగా వస్తుంది. మా ఆయనకి రెండు గంటలు ఖాళీ అంటే రెండు గంటలే. నాకు రెండు గంటలంటే పన్నెండు పదినిమిషాలు. అబ్బూరి ఛాయాదేవి గారి 'సుఖాంతం' కథలో ఆమె కోరుకునేది ఏమంత పెద్దది? ఎవరూ లేపకుండా కాసేపు నిద్ర. వర్జీనియా వుల్ఫ్ 1929లో తనకంటూ ఒక గది కావాలని రాసింది. మా ఇంట్లో గదులున్నాయి. గది ఉన్నా తలుపు తట్టేవాళ్లు ఉంటారు.

బిడ్డతో ఇవన్నీ మాట్లాడితే అది మొదట విసుక్కుంది. "ఏదో ఒకటి నడుస్తుంది కదమ్మా, మళ్ల లొల్లి ఎందుకు పెడ్తవ్" అంది. అది అన్నదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. అసలే లేనిదానికంటే నిమిషన్నర నయం, ఈ కాస్త ఏర్పాటూ పోతే నష్టపోయేది నేను కాదు, అది. పోరాడమని బయటనుంచి చెప్పే హక్కు తల్లికైనా ఎంతవరకు ఉంటుంది? అందుకే నేను ఏం చెయ్యాలో చెప్పలేదు. ఒక్కటే అడిగాను: "నీకు కావలసింది తెరనా, టైమా?" నాలుగు రోజుల తర్వాత అదే తమ్ముడి ముందు పెట్టింది. మానిటర్లు ఎన్నయినా ఉండనీ, ఏడు నుంచి ఎనిమిదిన్నర తనది. ఆ గంటన్నరలో తనని ఎవరూ ఏమీ అడగొద్దు, అయిపోయిందా అని కూడా అడగొద్దు. ఎనిమిదిన్నర తర్వాత వాడిష్టం.

వాడు రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. తర్వాత దోస్తులకి చెప్పాడు, ఇక మీదట ఎనిమిదిన్నరకే వస్తానని. వాళ్లలో ఇద్దరికి అసలు ఎనిమిదిన్నరే అనుకూలమని అప్పుడు బయటపడింది. అంతవరకు ఎవరూ అడగలేదు, వీడు మాటిచ్చిన టైముకి వాళ్లు సర్దుకున్నారంతే. బిడ్డ షాపాయనకి ఫోన్ చేసి "తొమ్మిదింటికి పంపుత అంకుల్" అంది. చూస్తా అనలేదు. నేను వంటింట్లోంచి విన్నాను.

గోడకి కాగితం అంటించారు. ఇప్పుడు వచ్చిన తగాదా వేరు. వానాకాలం సాయంత్రాలు గాలి గట్టిగా వీస్తే మా దగ్గర కరెంటు పోతుంది. అక్క గంటన్నరలో నలభై నిమిషాలు కరెంటు లేకపోతే ఆ నలభై నిమిషాలు ఎవరి లెక్కలో పడాలి? "కరెంటు నేను తీసిన్నా?" అంటాడు వాడు. "నేను తీసిన్నా మరి?" అంటుంది అది. చెరి ఇరవై నిమిషాలు అని పిల్లల నాన్న తీర్పు చెప్పాడు. బిడ్డ ఒప్పుకోలేదు. టైపింగ్‌కి రేపు పొద్దున గడువుంది, ఆటకి లేదు, కాబట్టి నష్టం సమానంగా పంచితే అది సమానం కాదంటుంది. కొడుకేమో అట్లా అయితే ప్రతిసారీ అక్క పనే గెలుస్తుంది, ఇక కాగితం ఎందుకంటాడు. ఇద్దరూ నా వైపు చూశారు. వాదన ఇంకా నడుస్తోంది.